ట్రాక్టరు క్లచ్చి సవరణము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల దారులు మిట్టపల్లములు గలవి. టమోటా బాక్సుల ట్రాలీని ఈడ్చు ట్రాక్టరు మిట్ట ఎక్కునపుడు ఇంజను రొద మాత్రము హెచ్చి, బండి వేగమందుకొనకున్నచో, రైతు సోదరులు ఇంజనునే నిందింతురు. తరచుగా దోషము క్లచ్చిలో నుండునని మేము మనవిచేయుచున్నాము.

క్లచ్చి ప్లేటు స్ప్రింగుల బలముచే ఫ్లైవీలునకు అదుముకొని ఇంజను శక్తిని గేర్లకు అందించును. ప్లేటు అరిగిన కొలది పెడలునందలి ఆట తగ్గును. ఆట లేనిచో, కాలు తీసినను బేరింగు ప్రెషరు ప్లేటు వ్రేళ్లను నొక్కుచునే యుండును. అప్పుడు ప్లేటు జారి, వేడెక్కి, కాలిన వాసన వచ్చును.

చదునైన చోట ఇంజను ఆపి, చక్రములకు రాళ్లు అడ్డముంచి, పెడలును చేతితో నొక్కి చూడుడు. గట్టిదనము తగులువరకు అది దిగు దూరమే ఆట. పెక్కు ట్రాక్టరులలో ఇది రమారమి 25 మిల్లీమీటర్లు, కొన్నింట అంతకెక్కువ. మీ బండి పుస్తకమునందలి కొలతయే ప్రమాణము. తక్కువైనచో కడ్డీ లాకు నట్టును వదులుచేసి, కడ్డీని త్రిప్పి, కొలత కుదిరిన పిమ్మట నట్టును మరల బిగింపవలెను. ఆట మితిమీరినచో క్లచ్చి పూర్తిగా విడక గేర్లు గరగరమనును. సవరించినను జారుచున్నచో ప్లేటు అరిగియో, నూనె అంటియో యుండును. మెకానిక్కుచే విప్పించి చూడవలెను.

నడుపునపుడు పెడలుపై కాలుంచరాదు. మిట్టపై బండిని క్లచ్చితో గాక బ్రేకుతో నిలుపవలెను. ఈ కొద్దిపాటి సవరణమునకు బద్ధకించినచో, కోతకాలమున బండి మిట్ట నడుమ నిలిచి, మండీ వేళ దాటిపోవును. పండిన టమోటా మనకొరకు ఆగదు గదా!