ఒకే ఫలకం – అనేక వర్ణాలు

వానాకాలంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ దారుల వెంట, లారీలు నిలిచిన చోట నీటిమడుగులు ఏర్పడతాయి. వాటిలో పడిన డీజిల్ చుక్క నీటిలో కలవదు. పలుచని పొరగా పరచుకొని ఇంద్రధనుస్సు రంగులను ప్రదర్శిస్తుంది. కళాశాలకు, కర్మాగారానికి వెళ్లేవారు దానిని చూసీ చూడనట్లు దాటిపోతారు. నూనెకు గల ఇటువంటి కలవని స్వభావాన్నే తన కళకు ఆధారం చేసుకొన్న తెలుగు కళాకారుడు కృష్ణారెడ్డి.

కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు సమీపంలోని నందనూరులో జన్మించారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చిత్రకళను అభ్యసించారు. 1950ల ఆరంభంలో లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చదివి, అటుపిమ్మట పారిస్ చేరి శిల్పి జాడ్కిన్ వద్ద శిక్షణ పొందారు. అక్కడే స్టాన్లీ విలియం హేటర్ 1927లో స్థాపించిన ‘అతెలియే 17’ అనే ముద్రణకళా కార్యశాలలో ప్రవేశించారు.

లోహఫలకంపై బొమ్మ చెక్కి, ఆ పల్లాలలో సిరా నింపి, కాగితంపై అచ్చు తీయడం ఐరోపాలో శతాబ్దాల నాటి పద్ధతి. రంగుల చిత్రం కావాలంటే సాధారణంగా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క ఫలకాన్ని సిద్ధం చేసుకోవాలి. 1950లలో కృష్ణారెడ్డి, హేటర్, కైకో మోతీ కలిసి మరొక మార్గాన్ని రూపొందించారు. సిరాలో నూనె ఎక్కువైతే అది పలుచబడుతుంది, తక్కువైతే చిక్కబడుతుంది. ఫలకాన్ని వేర్వేరు లోతుల్లో చెక్కి, ముందుగా గట్టి రోలరుతో పలుచని సిరాను పైమట్టానికి పూస్తారు. తరువాత మెత్తని రోలరుతో చిక్కని సిరాను పూస్తే అది పల్లాలలోకి దిగుతుంది. పైనున్న పలుచని సిరా మాత్రం దానిని తనపై అంటనీయదు. ఏ రంగు చోటు ఆ రంగుదే. ఫలకం ఒకటే, అచ్చు ఒకసారే. అయినా కాగితంపై పలు వర్ణాలు ప్రత్యక్షమవుతాయి. భౌతికశాస్త్రంలో విద్యార్థులు చదివే స్నిగ్ధతయే ఈ కళారహస్యం.

ఈ విధానంలో ఆయన 1963లో ‘వర్ల్‌పూల్’ అనే చిత్రాన్ని రూపొందించారు. వర్ల్‌పూల్ అనగా సుడిగుండం. అందులో నది లేదు, ఒడ్డు లేదు, పడవ లేదు. తిరిగే నీటి వేగమే రేఖలుగా, వర్ణాలుగా మారింది. ఇటువంటి నైరూప్య చిత్రాన్ని చూసినవారు ‘ఇది దేని బొమ్మ?’ అని ప్రశ్నించడం సహజం. మన ప్రాచీనులు చిత్రకళకు ఆరు అంగాలను చెప్పారు. పోలికను తెలిపే సాదృశ్యం వాటిలో ఒకటి మాత్రమే. భావం, లావణ్యయోజనం, వర్ణికాభంగం కూడా అంగాలే. కావున పోలిక లేనంత మాత్రాన చిత్రం అర్థరహితం కాదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరం పదార్థం వైపు దృష్టి మళ్లించిన కళాకారులు అనేక దేశాలలో కనిపిస్తారు. జపాన్‌లో యోషిహారా జిరో నాయకత్వాన 1954లో ఏర్పడిన ‘గుతాయ్’ బృందం అందుకు నిదర్శనం. పదార్థాన్ని వంచక, దానిలోని జీవాన్ని వెలికితీయాలని వారు భావించారు. ఆ బృందంలోని షిరాగా కాజువో పాదాలతో రంగులు తొక్కి చిత్రాలు వేశారు. ఆయనది ఆవేశమార్గం; కృష్ణారెడ్డిది పరిశీలనామార్గం. పదార్థం పట్ల గౌరవం ఇరువురికీ సమానమే.

ఆ గౌరవం లోపిస్తే ఏమగునో పటాన్‌చెరు ప్రాంతమే చెబుతుంది. పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగులో చేరి, ఆ నీటిని ఆశ్రయించిన పొలాలు దెబ్బతిన్నాయి. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. అక్కడా రసాయనాలే, ఇక్కడా రసాయనాలే. స్వభావమెరిగి వాడినచోట అవి వర్ణాలైనాయి. ఎరుగక విడిచినచోట విషమైనాయి.

భారత ప్రభుత్వం 1972లో కృష్ణారెడ్డిని పద్మశ్రీతో సత్కరించింది. అనంతరం న్యూయార్క్‌లో స్థిరపడి, ఎందరికో ఈ విద్యను బోధించి, 2018లో ఆయన కన్నుమూశారు. ఒక రంగును మరొక రంగు మింగివేయకుండా ఒకే ఫలకంపై నిలిపిన ఆయన కృషి, చిత్రకారులకే గాక పదార్థాలతో పనిచేసే ప్రతివారికీ మార్గదర్శకం.

ప్రశ్నలు

1. స్నిగ్ధతను ఆధారం చేసుకొన్న ముద్రణ విధానాన్ని వివరించండి.
2. పోలిక లేని చిత్రం అర్థరహితం కాదని రచయిత ఎట్లు సమర్థించారు?
3. ‘స్వభావమెరిగి వాడినచోట అవి వర్ణాలైనాయి’ – ఈ వాక్యాన్ని మీ ప్రాంతానికి అన్వయించి వ్రాయండి.