మంచుకొండకుఁ బాదరక్షలు

మేము నడచు అమీరుపేట, పంజగుట్ట వీధులలో మంచు కానరాదు. అయినను మంచుకొండల ప్రయాణము ఇచ్చటనే యారంభమగును. 2014 మే 25న 13 ఏండ్ల వయస్సున ఎవరెస్టు నెక్కిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ తొలుత నభ్యసించినది మన భువనగిరి రాతికొండమీఁదనే.

బూట్లను సాయంకాలమున, దళసరి ఉన్నిమేజోళ్లతోఁ దొడిగి చూడవలెను. పగలెల్ల నడచిన పాదము కొంత యుబ్బును. వ్రేళ్లు లోపల నాడవలెను, మడమ లేవరాదు. దిగుడుదారిలో వ్రేళ్లు ముందునకుఁ దాఁకినచో గోళ్లు నలఁగును. బిగువైన బూటు చూపునకు సొంపే కాని, రక్తమును వ్రేళ్లకుఁ జేరనీయదు. అట్టి వ్రేళ్లే చలికి మొదట మొద్దుబాఱును. నూలుమేజోడు తడిసినచో త్వరగా నాఱదు.

మాలోఁ బలువురము అన్నగారి బూట్లతోనే సరిపెట్టుకొందుము. మంచునకు మాత్ర మది కూడదు. క్రొత్తబూట్లనైనను కొన్ని వారములు ఈ వీధులలోనే తొడిగి నడచి, పాదమునకు మరిగిన పిదపనే రైలెక్కవలెను.