మీట నొక్కితే కూసే రైలు



గత సంవత్సరం సైన్సు ప్రదర్శనలో మేము ఒక రైలు నమూనా పెట్టాము. అట్టలతో స్టేషను, రంగు వేసిన రంపపు పొట్టుతో గడ్డి, గుండ్రటి పట్టాలపై బ్యాటరీతో తిరిగే బొమ్మ రైలు. ఎక్కడ పాడవుతుందోనని ముందు "ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టాము. మూడో తరగతి పిల్లలు వచ్చారు. చేతులు కట్టుకొని రెండు చుట్లు చూసి వెళ్ళిపోయారు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో మాలో ఒకడు, "ముట్టుకోవద్దనే మాట మన తాతలు ఎన్ని చోట్ల విన్నారో! అదే మాట మనమే రాసి పెట్టామేంట్రా?" అన్నాడు. ఎవరమూ మాట్లాడలేదు. ఈసారి బోర్డు తీసేసి పిల్లల చేతికే పని ఇవ్వాలని నిర్ణయించుకున్నాము.

జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 2001లో ప్రారంభమైన మినియాటూర్ వండర్‌లాండ్ అనే ప్రదర్శనశాల ఉంది. అక్కడి రైళ్ళు అసలు రైలులో 87వ వంతు కొలతతో ఉంటాయి. చూడవచ్చినవారు నొక్కడానికి మీటలు కూడా పెట్టారు. నొక్కితే ఏదో ఒక బొమ్మ కదులుతుంది. ఆ సూత్రాన్నే మాకు దొరికిన సామానుతో ప్రయత్నించి, మా రైలుకు మూడు శబ్దాలు చేర్చాము. వాటిని మీరూ చేయవచ్చు.

1. చేత్తో తిప్పే చుక్‌చుక్

దీనికి కరెంటు అక్కర్లేదు. ముందు అసలు సంగతి తెలుసుకుందాం. ఆవిరి ఇంజనులో పిస్టన్ ముందుకు పోయినప్పుడు ఒకసారి, వెనక్కి వచ్చినప్పుడు ఒకసారి వాడిన ఆవిరి పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఆ శబ్దమే "చుక్". సాధారణంగా ఇంజనుకు రెండు సిలిండర్లు ఉంటాయి. కనుక చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు "చుక్"లు వినబడతాయి.

అందుకే మేము చెక్క చక్రానికి సమాన దూరంలో నాలుగు కర్రముక్కలు బిగించి, వాటి కొసలకు గరుకు కాగితం అంటించాము. పక్కన ఖాళీ అట్టపెట్టె పెట్టి దానికీ గరుకు కాగితం అంటించాము. పిడి పట్టుకొని తిప్పితే కర్రముక్కలు ఒక్కొక్కటే పెట్టెను రాసుకుంటూ పోతాయి. పెట్టె బోలుగా ఉండటం వలన శబ్దం పెద్దదవుతుంది. నెమ్మదిగా తిప్పితే రైలు బయలుదేరినట్లు, వేగంగా తిప్పితే పరుగెత్తినట్లు వినిపిస్తుంది.

2. రెండు స్వరాల హారన్

దీనికి 555 టైమర్ ఐసీలు రెండు కావాలి. ఒక్కో ఐసీలో 4, 8 కాళ్ళను 9 వోల్టుల బ్యాటరీ ధనధ్రువానికి, 1వ కాలును ఋణధ్రువానికి కలపాలి. 8, 7 కాళ్ళ మధ్య 1 కిలో ఓం నిరోధం పెట్టాలి. 2, 6 కాళ్ళను కలిపి, అక్కడి నుండి ఋణధ్రువానికి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. 7, 6 కాళ్ళ మధ్య నిరోధం మొదటి ఐసీకి 22 కిలో ఓంలు, రెండవదానికి 15 కిలో ఓంలు.

పౌనఃపున్యం = 1.44 ÷ ((మొదటి నిరోధం + 2 × రెండవ నిరోధం) × కెపాసిటర్ విలువ)

లెక్క కడితే మొదటిది సుమారు 320 హెర్ట్జ్, రెండవది సుమారు 465 హెర్ట్జ్. ఒక్కో 3వ కాలు నుండి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓంల నిరోధం ద్వారా పాత రేడియోలోని 8 ఓంల స్పీకరుకు కలపాలి. బ్యాటరీ తీగ మధ్యలో మీట పెట్టాలి.

3. గేటు హెచ్చరిక

ఇది రైలే మోగించుకుంటుంది. ఇంజను కింద చిన్న అయస్కాంతం అంటించి, గేటుకు ముందు పట్టాల కింద రీడ్ స్విచ్ అమర్చాము. ఇది గాజు గొట్టంలో రెండు పలుచని లోహపు రేకులున్న స్విచ్. అయస్కాంతం దగ్గరికి వస్తే రేకులు అంటుకుంటాయి.

మొదట స్విచ్‌ను నేరుగా బజరుకు కలిపాము. రైలు వెళ్ళిన ఆ క్షణంలో "కిక్" అని ఆగిపోయింది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక మా ఫిజిక్స్ మాస్టారు మరో 555 వాడమన్నారు. 6, 7 కాళ్ళను కలిపి, అక్కడి నుండి ధనధ్రువానికి 470 కిలో ఓంలు, ఋణధ్రువానికి 10 మైక్రోఫారడ్‌లు పెట్టాలి. 2వ కాలు నుండి ధనధ్రువానికి 10 కిలో ఓంలు, ఋణధ్రువానికి రీడ్ స్విచ్. 4, 8, 1 కాళ్ళు ముందు చెప్పినట్లే. 3వ కాలుకు బజరు. మోగే కాలం = 1.1 × నిరోధం × కెపాసిటర్ విలువ, అంటే సుమారు 5 సెకన్లు. రైలు సరిగ్గా స్విచ్ మీదే ఆగితే మాత్రం బజరు మోగుతూనే ఉంటుంది.

జాగ్రత్తలు

మీటలు పెద్దవిగా, చిన్నపిల్లలకు అందే ఎత్తులో ఉండాలి. మేము సీసా మూతలు అంటించాము. తీగలన్నీ బల్ల కింద ఉండాలి. బ్యాటరీ తప్ప ఇంటి కరెంటు వాడకూడదు. మొదటి గంటలో హారన్‌కు ఒక పాప జడుసుకొని ఏడ్చింది. వెంటనే 100 ఓంలు తీసి 220 ఓంలు పెట్టి, స్పీకరుపై గుడ్డ కప్పాము.

ఈసారి పిల్లలు బల్ల దగ్గర నుండి కదలలేదు. ఒక చిన్నవాడు చక్రం తిప్పీ తిప్పీ ఆపి, "అన్నా, రైలు ఆగితే చుక్ ఎందుకు అనదు?" అని అడిగాడు. పిస్టన్ కదలకపోతే వాడిన ఆవిరి బయటికి పోదని చెప్పాము. వాడు మళ్ళీ తిప్పి, మళ్ళీ ఆపి, తలూపాడు. చూసి వెళ్ళిపోయే పిల్లవాడికి ఆ ప్రశ్న వచ్చేది కాదు. తన చేతితో ఆపాడు కనుకే వచ్చింది.

మేము ఈ ఏడాదితో పదో తరగతి ముగించి హాస్టల్ వదిలి వెళుతున్నాము. రైలు, పట్టాలు, చక్రం స్టోర్ రూములోని ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తమ్ముళ్ళారా, వచ్చే ఏడు దానికి నాలుగో శబ్దం మీరు చేర్చండి. బల్ల మీద బోర్డు మాత్రం మార్చకండి. ఇప్పుడు దాని మీద "ముట్టుకోండి" అని రాసి ఉంది.