పక్కవాడి లెక్క మనకెందుకు?

ఆదివారం ఆరాధనలో ఒకాయన లేచి సాక్ష్యం చెబుతాడు. కొడుక్కి వీసా వచ్చింది, స్థలం రిజిస్ట్రేషన్ అయింది. అందరితోపాటు మనమూ ‘హల్లెలూయా’ అంటాం. ఇంటికొచ్చేలోపే లోపల గొణుగుడు మొదలవుతుంది: ‘ఆయన కంటే నేను తక్కువ ప్రార్థన చేశానా?’

ఈ రోగం ఇశ్రాయేలు మొదటి రాజు సౌలునే పట్టింది. దావీదు చేతిలో గొల్యాతు హతమయ్యాక స్త్రీలు ఆడుతూ పాడుతూ ఎదురొచ్చారు. ఆ పాటలో సౌలుకు వేలు దక్కాయి, దావీదుకు పదివేలు. పాట ఇద్దర్నీ పొగిడింది. సౌలు చెవిలో మాత్రం పదివేలే గింగిరాలు తిరిగాయి. మర్నాడే దావీదు మీద ఈటె విసిరాడు. రాజ్యం చూసుకోవాల్సిన మనిషి ఒక యువకుణ్ణి తరుముతూ కొండల వెంట తిరిగాడు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని కూలీలదీ ఇదే వరస. రోజుకు ఒక దేనారం అని ఒప్పుకుని పొద్దున్నే ద్రాక్షతోటలో దిగారు. చివరి గంటలో వచ్చినవాళ్లకూ అంతే ముట్టేసరికి సణిగారు. వాళ్ల కూలిలో పైసా తగ్గలేదు, పోయిందల్లా సంతోషమే.

మరి యజమాని దేన్ని చూస్తాడు? అదే సువార్త 25వ అధ్యాయం చూడండి. అక్కడ ఒక యజమాని తన దాసులకు ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారికి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించాడు. ఐదుకు ఐదు కలిపినవాణ్నీ, రెండుకు రెండు కలిపినవాణ్నీ ఒకే మాటతో మెచ్చుకున్నాడు. ‘నీకు ఐదు ఎందుకు రాలేదు?’ అని రెండోవాణ్ని అడగనే లేదు. చీవాట్లు తిన్నది ఉన్న ఒక్కటీ పాతిపెట్టినవాడే. ఆ ఒక్కటీ తక్కువేం కాదు. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, కూలివాడికి దాదాపు 20 ఏళ్ల సంపాదన!

కింద ఉన్నవాణ్ని చూసి మురిసిపోవడమూ పోల్చుకోవడమే. దేవాలయంలో సుంకరిని చూపించి తన గొప్ప చెప్పుకున్న పరిసయ్యుడు నీతిమంతుడిగా ఇంటికి వెళ్లలేదని యేసే చెప్పాడు.

అయితే ఏం చేయాలి? ఎవరి పనిని వారే పరీక్షించుకోమన్నాడు పౌలు, గలతీయులకు రాసిన పత్రికలో. కాబట్టి నిరుటి మీతో నేటి మీరు పోటీ పడండి. కోపం తగ్గిందా, ఓర్పు పెరిగిందా చూసుకోండి. ఎవరి స్టేటస్ చూసి మనసు చివుక్కుమందో, వాళ్ల పేరెత్తి అక్కడికక్కడే ప్రార్థన చేయండి. అసూయ పడుతున్న మనిషి మేలు కోరడం మొదట్లో కష్టమే, పోనుపోను ఆ అసూయే నీరుగారిపోతుంది.

యోహాను సంగతేమిటని పేతురు అడిగితే, అది నీకెందుకు, నువ్వు నా వెంట రా అన్నట్టే జవాబిచ్చాడు యేసు. ఆ జవాబు మనకూ వర్తిస్తుంది. పాడగలరా, పాఠం చెప్పగలరా, రోగిని పలకరించి రాగలరా? మీకిచ్చిన తలాంతును ఈ వారమే పనిలో పెట్టండి.