నిదానమే ప్రధానం

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రంలో పైకి కనిపించే లక్షణం వేరు, లోపల ఉన్న దోషం వేరు. పాత హైబ్రిడ్ కార్ల చోదక వ్యవస్థలో కలిగే సాధారణ లోపాలను పరిచయం చేస్తూ, కారణాన్ని నిర్ణయించిన తరువాతనే చికిత్సకు పూనుకోవాలన్న వృత్తిధర్మాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చార్మినార్‌కు కూతవేటు దూరంలో చౌమహల్లా ప్రాసాదం ఉన్నది. అక్కడ సందర్శకుల చూపులను ఆకర్షించే వస్తువులలో పసుపు వన్నె రోల్స్‌రాయిస్ కారు ఒకటి. సిల్వర్ ఘోస్ట్ తరగతికి చెందిన ఆ కారు 1912 నాటిది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన ఆ వాహనం పూర్తి కాకముందే, 1911లో, ఆయన కన్నుమూశాడు. నూరేండ్లు దాటినా ఆ కారు నేటికీ చూపరులను అలరిస్తున్నదంటే దానికి కారణం నిర్మించినవారి ప్రతిభ మాత్రమే కాదు. దానిని కాపాడుకొంటూ వచ్చినవారి చేతి నేర్పు కూడా.

పాతబస్తీకి ఈ చేతి నేర్పు కొత్త కాదు. బహదూర్‌పురాలోని సుధా కార్ల ప్రదర్శనశాలలో పుస్తకం, కలం, బూటు వంటి ఆకారాలలో చేతితో నిర్మించిన వాహనాలను చూడవచ్చు. ఇరుకు సందులలోని చిన్న గ్యారేజీలలో ఉస్తాదు పనిచేస్తూ ఉంటే, శాగిర్దు పానాలు అందిస్తూ విద్య నేర్చుకొంటాడు. ఇంజన్ చప్పుడును బట్టి దాని జబ్బు చెప్పగల అనుభవజ్ఞులు అక్కడ ఉన్నారు. అయితే, ఇటీవలి కాలంలో వారి ముందుకు ఒక కొత్త పరీక్ష వచ్చింది. అది చప్పుడు చేయని కారు.

ఒకే బండికి రెండు శక్తులు

పెట్రోలు ఇంజన్, విద్యుత్ మోటారు రెండూ కలిసి నడిపించే వాహనాన్ని హైబ్రిడ్ అంటారు. ఈ ఆలోచన నేటిది కాదు. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షే అనే యువ ఇంజనీరు వియన్నాలోని లోనర్ సంస్థలో అటువంటి వాహనాన్ని రూపొందించాడు. దానికి ఆయన పెట్టిన లాటిన్ పేరుకు ‘నిత్యం సజీవం’ అని అర్థం. అయినా ఆ ఆలోచన జనసామాన్యానికి చేరడానికి దాదాపు నూరేండ్లు పట్టింది. 1997 డిసెంబరులో టయోటా సంస్థ జపానులో ప్రియస్ కారును విపణిలోకి తెచ్చింది. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చాయి. 2013లో కర్ణాటకలోని బిడదిలో కాంరీ హైబ్రిడ్ తయారీ మొదలైంది.

ప్రియస్ వంటి కారులో పెద్ద బ్యాటరీ మోటారుకు విద్యుత్తును ఇస్తుంది. బండి నెమ్మదిగా సాగేటప్పుడు తరచుగా మోటారే దానిని నడుపుతుంది. వేగం పెరిగినప్పుడు ఇంజన్ తోడవుతుంది. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి, వృథాగా పోవలసిన శక్తిలో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. అందువల్ల పత్తర్‌గట్టీ వంటి రద్దీ వీధులలో, అడుగడుగునా ఆగుతూ సాగే ప్రయాణంలో, ఈ కారు ఇంధనాన్ని బాగా ఆదా చేస్తుంది. అర్ధనారీశ్వర తత్త్వం వలె ఇందులోని రెండు శక్తులు ఒకే దేహంలో ఒదిగి ఉంటాయి. కావున ఒకదానిలో కలిగిన బాధ మరొకదానిలో బయటపడుతుంది. పాత హైబ్రిడ్ కారు మరమ్మతులోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

ఒక గృహస్థు సమస్య

పత్తర్‌గట్టీలో అత్తరు దుకాణం నడుపుకొనే ఒక గృహస్థు, 2010 నాటి ప్రియస్ కారును పాతదిగా కొన్నాడనుకొందాం. మే నెల మధ్యాహ్నం, ఎండ నలభై డిగ్రీలు దాటిన వేళ, కారు ముందు పలకపై త్రికోణాకారపు హెచ్చరిక దీపం వెలిగింది. బండి బలం తగ్గింది. దగ్గరలోని ఒక దుకాణంలో స్కానర్ పెట్టి చూడగా ‘పీ0ఏ80’ అనే సంకేతం కనిపించింది. పెద్ద బ్యాటరీని మార్చవలెనని దాని సూచన. “బ్యాటరీ పోయింది. కొత్తది వేయించాలి. లక్షలలో ఖర్చు” అని దుకాణదారు తేల్చి చెప్పాడు.

ఆ గృహస్థు ఇంట అంత సొమ్ము లేకపోలేదు. కాని, అది కుమార్తె ఇంజనీరింగ్ చదువుకోసం దాచిన డబ్బు. కారు లేకపోతే సరుకు చేరదు, వ్యాపారం సాగదు. డబ్బు ఖర్చయితే చదువు ఆగుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లయింది అతని పరిస్థితి. చివరకు అతడు తనకు తెలిసిన ఒక ఉస్తాదు దగ్గరకు కారును తీసుకొనివెళ్లాడు.

“ఉస్తాద్, బ్యాటరీ నిజంగా చచ్చిపోయిందా?” అని అడిగాడు.

“సాబ్, ఇప్పుడే చెప్పలేను. కొలిచి చూసి రేపు చెబుతాను” అన్నాడు ఉస్తాదు.

ఆ ఒక్క రోజు గడువులోనే ఈ పాఠం సారమంతా ఉన్నది.

ముందు ప్రాణరక్షణ

ప్రియస్ పెద్ద బ్యాటరీలో 28 భాగాలు వరుసగా కలిసి ఉంటాయి. ఒక్కొక్కటి 7.2 వోల్టులు, అన్నీ కలిసి 201.6 వోల్టులు. ఇన్వర్టర్ అనే పరికరం దానిని 650 వోల్టుల వరకు పెంచుతుంది. మన ఇండ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులే అని గుర్తు చేసుకొంటే ఇందులోని ప్రమాదం తెలుస్తుంది. అధిక విద్యుత్తు ప్రవహించే తీగలకు నారింజ రంగు వేసేది అందుకే.

ఉస్తాదు మొదట కారును పూర్తిగా ఆపి, తాళాన్ని దూరంగా ఉంచి, చిన్న బ్యాటరీ తీగను విప్పాడు. రబ్బరు చేతొడుగులు ధరించి, పెద్ద బ్యాటరీని వేరుచేసే సర్వీసు ప్లగ్గును ఊడదీశాడు. శాగిర్దు పానా పట్టుకొని ముందుకు రాగా, “ఆగు బేటా, పది నిమిషాలు” అని వారించాడు. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. అది దిగిపోవడానికి వ్యవధి ఇవ్వాలి. తరువాత మీటరుతో కొలిచి, విద్యుత్తు లేదని నిర్ధారించుకొన్నాకనే చేయి పెట్టాలి. చప్పుడు లేని కారు చనిపోయిన కారు కాదు. ఈ సంగతి తెలియని ఉత్సాహం ప్రాణాంతకం.

లక్షణాలు - కారణాలు

పాత హైబ్రిడ్ కార్లలో సాధారణంగా కనిపించే లోపాలను ఐదు విధాలుగా చెప్పవచ్చు.

మొదటిది చిన్న బ్యాటరీ బలహీనత. ప్రియస్‌లో విడిగా సెల్ఫ్ మోటారు ఉండదు. పెద్ద బ్యాటరీ శక్తితోనే ఇంజన్ మొదలవుతుంది. కాని, కారులోని కంప్యూటర్లను మేల్కొలిపి, పెద్ద బ్యాటరీ ద్వారం తెరిచేది 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. అది నీరసిస్తే పలకపై సంబంధం లేని దీపాలన్నీ వెలుగుతాయి, కారు కదలదు. కొద్ది ఖర్చుతో పోయే ఈ లోపాన్ని పెద్ద రోగంగా భ్రమించడం కద్దు.

రెండవది పెద్ద బ్యాటరీ వేడెక్కడం. దానిని చల్లబరిచే ఫ్యాను, కారు లోపలి గాలిని వెనుక సీటు పక్కనున్న జాలి గుండా పీల్చుకొంటుంది. దుమ్ము, నూలుపోగులు ఆ దారిలో పేరుకొంటే గాలి ఆడదు. సీటుపై సామాను పెట్టి జాలిని మూసినా ఇదే ఫలితం. నికెల్ బ్యాటరీకి వేడి శత్రువు. హైదరాబాదు వేసవి దానికి తోడైతే ఆయుష్షు తరుగుతుంది. భాగాలను కలిపే రాగి పలకలకు కిలుము పట్టినప్పుడు కూడా కొలతలు తప్పి, మంచి బ్యాటరీయే చెడిపోయినట్లు సంకేతం రావచ్చు. ఇక నిజంగా భాగాలు ముసలివైనప్పుడు ఛార్జి సూచిక గబగబా ఎక్కి గబగబా దిగుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఫ్యాను హోరెత్తుతుంది.

మూడవది ఇన్వర్టర్‌కు సంబంధించినది. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును మోటారుకు కావలసిన ప్రత్యావర్తన విద్యుత్తుగా మార్చేది ఇదే. దీనిని చల్లబరచడానికి వేరుగా కూలెంట్, దానికొక చిన్న విద్యుత్ పంపు ఉంటాయి. పంపు ఆగిపోతే ఇన్వర్టర్ వేడెక్కి, కారు తన బలాన్ని తానే తగ్గించుకొంటుంది. కూలెంట్ పాత్ర మూత తీసి ద్రవం కదులుతున్నదా లేదా అని చూస్తే పంపు సంగతి తెలుస్తుంది. కొన్ని లోపాలు తయారీలోనే ఉంటాయి. 2014 ఫిబ్రవరిలో టయోటా సంస్థ ఇన్వర్టర్‌ను నియంత్రించే సాఫ్ట్‌వేర్ సవరణకై ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 లక్షల ప్రియస్ కార్లను వెనుకకు పిలిపించింది. అందుచేత పాత కారు కొన్నవారు ఇటువంటి సవరణలు జరిగాయో లేదో విచారించుకోవాలి.

నాలుగవది ఇంజన్‌లోనిది. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి ఇంజన్‌లోకి పంపే మార్గాన్ని ఈజీఆర్ అంటారు. 2010 తరం ప్రియస్‌లో ఈ మార్గం మసితో పూడుకొనిపోవడం తరచుగా కనిపిస్తుంది. దానివల్ల లోపలి వేడి పెరిగి, క్రమంగా హెడ్ గాస్కెట్ దెబ్బతింటుందని అనుభవజ్ఞులు చెబుతారు. అప్పుడు కూలెంట్ బొట్టుబొట్టుగా సిలిండర్‌లోకి దిగి, ఉదయం ఇంజన్ మొదలైనప్పుడు బండి గడగడ వణుకుతుంది. ఆ వణుకును చూసి మోటారు చెడిందనో, గేర్‌బాక్సు పోయిందనో పొరబడేవారున్నారు. కూలెంట్ మట్టం తగ్గుతున్నదేమో గమనించడం, మసిని సకాలంలో తీయించడం దీనికి తరణోపాయాలు.

ఐదవది గేర్లకు సంబంధించినది. ప్రియస్‌లో క్లచ్ ప్లేటు ఉండదు. సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగినట్లు, నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక ఇంజన్‌ను, రెండు మోటార్లను కలుపుతుంది. ఇది గట్టిదే కాని, దాని నూనెను ఏండ్ల తరబడి మార్చకపోతే అరుగుదల పెరిగి ఈల వంటి ధ్వని వస్తుంది. సివిక్ హైబ్రిడ్ నిర్మాణం వేరు. అందులో మోటారు ఇంజన్‌కు ఆనుకొని ఉంటుంది. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ ఉంటుంది. బండి కదిలేటప్పుడు అదురు పుడితే అక్కడ చూడాలి. ఒక కారుకు చేసిన వైద్యం మరొక కారుకు పనికిరాదనడానికి ఇదొక నిదర్శనం.

కొలత చెప్పిన మాట

మరునాడు ఉస్తాదు చెప్పిన సంగతి ఇది. ఫ్యాను రెక్కల నిండా దుమ్ము. రాగి పలకలపై పచ్చని కిలుము. రెండింటినీ శుభ్రం చేసి, 28 భాగాలను ఒక్కొక్కటిగా బరువు మోపి కొలవగా 27 భాగాలు దాదాపు సమంగా నిలిచాయి. ఒక్కటి మాత్రం వెంటనే జారిపోయింది. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటిదైతే బండి దాని నడకతోనే సాగవలసి వస్తుంది. వరుసగా కలిసిన బ్యాటరీ భాగాల తీరు కూడా అంతే.

“ఆ ఒక్కటీ మార్చితే చాలు కదా?” అని గృహస్థు ఆశగా అడిగాడు.

“చాలుతుంది సాబ్, కొంతకాలానికి. మిగిలినవి కూడా అదే వయసువి. ఇది మందే గాని మరుజన్మ కాదు. ఈలోగా కొత్త బ్యాటరీకి కొంచెం కొంచెంగా కూడబెట్టుకోండి” అన్నాడు ఉస్తాదు.

మొదటి దుకాణదారు అబద్ధం చెప్పలేదు. స్కానర్ చూపిన మాటనే పలికాడు. కాని, సంకేతం సాక్షి మాత్రమే, తీర్పు కాదు. ఉస్తాదు ఆ సాక్ష్యాన్ని పరీక్షించాడు. అలాగే, గిరాకీని సంతోషపెట్టడానికి బండి కొత్తదైపోయిందనీ చెప్పలేదు. కుమార్తె చదువుకు దాచిన సొమ్ము దాని చోటనే నిలిచింది.

పాత బ్యాటరీ భాగాన్ని ఉస్తాదు తుక్కులో పారవేయలేదు. అది నేలను, నీటిని చెరుపుతుంది. వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. వాటిని సరైన చోటికి చేర్చడం మాత్రం మన విధి.

ముగింపు

తెలుగులో ‘నిదానం’ అంటే తొందర లేకపోవడం. సంస్కృతంలో ఆ మాటకు మూలకారణం అని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడమే నిదానం. ఆ విషయానికే అంకితమైన ‘మాధవనిదానం’ అనే గ్రంథం కూడా ఉన్నది. ‘నిదానమే ప్రధానం’ అనే మన సామెతలో ఈ రెండర్థాలూ ఇమిడిపోతాయి. తొందరపడనివాడే కారణాన్ని కనుగొంటాడు. కారణం తెలిసినవాడికి తొందరపడవలసిన అవసరం ఉండదు.

2022 నుండి మన దేశంలో హైబ్రిడ్ కార్ల రకాలు మరికొన్ని పెరిగాయి. నేడు తళతళలాడే ఆ కార్లు కూడా ఒకనాటికి ముసలివై, ఏదో ఒక సందులోని గ్యారేజీ ముందు నిలుస్తాయి. ఆనాడు వాటి యజమానులకు కావలసింది స్కానర్ ఒక్కటే కాదు, “కొలిచి చూసి రేపు చెబుతాను” అనగల మనిషి కూడా.

కఠిన పదాలు - అర్థాలు

చోదక వ్యవస్థ : బండిని నడిపించే భాగాల సముదాయం
శాగిర్దు : శిష్యుడు, పని నేర్చుకొనేవాడు
విపణి : అంగడి, మార్కెట్
కిలుము : రాగి, ఇత్తడి వంటి లోహాలకు పట్టే పచ్చని తుప్పు
ప్రత్యావర్తన విద్యుత్తు : దిశ మార్చుకొంటూ ప్రవహించే విద్యుత్తు
తరణోపాయం : కష్టం దాటే ఉపాయం
కద్దు : ఉన్నది, కలదు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పాత హైబ్రిడ్ కార్లలో కలిగే సాధారణ లోపాలను, వాటి లక్షణాలను వివరించండి.
2. ఉస్తాదు పనితీరులో కనిపించే వృత్తిధర్మాన్ని పాఠం ఆధారంగా విశ్లేషించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పెద్ద బ్యాటరీని విప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
2. “ఇది మందే గాని మరుజన్మ కాదు” అనే మాటలోని అంతరార్థం ఏమిటి?
3. ‘నిదానమే ప్రధానం’ అనే శీర్షిక ఔచిత్యాన్ని తెలపండి.

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. చౌమహల్లా ప్రాసాదంలోని సిల్వర్ ఘోస్ట్ ఏ సంవత్సరం నాటిది?
2. అధిక విద్యుత్తు ప్రవహించే తీగలకు ఏ రంగు వేస్తారు?
3. ఈజీఆర్ మార్గం దేనివల్ల పూడుకొనిపోతుంది?