చెరువు గట్టున నేర్చుకున్న పాఠం

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, 37 విశ్వవిద్యాలయాలతో ప్రారంభమైన జాతీయ సేవా పథకం విద్యార్థిని తరగతి గది దాటించి జనంలోకి నడిపించింది. ఆ పథకం కిందనే మేము హైదరాబాదు శివార్లలోని ఒక చెరువు గట్టున ఏడు రోజుల శిబిరం వేశాం. పని గుర్రపు డెక్క తీయడం.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. చాపలా పరచుకొని వెలుతురును ఆపేస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. మొక్క బరువులో నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. నలుగురం లాగితే గాని ఒక మోపు కదిలేది కాదు.

మూడోనాటికి గట్టు పొడవునా గుట్టలు పోశాం. మా సంబరం చూసి, చేపలు పట్టే ఒక తాత నవ్వాడు.

"గట్టు మీదనే ఏస్తే వాన పడంగనే మళ్ళ చెరువుల్నే పడ్తది గద బిడ్డా! ముందుగాల ఆ మోరి నీళ్ళు బందు పెట్టియ్యున్రి."

వృక్షశాస్త్రం చదివే నాకు సిగ్గేసింది. మురుగులోని నత్రజని, భాస్వరాలే దాని తిండి. విత్తనాలేమో బురదలో 15 ఏళ్ళకు పైగా బతికుంటాయి. ఒకసారి పీకితే పోయేది కాదు.

మిగిలిన రోజుల్లో గుట్టలను దూరంగా మోసి కంపోస్టు గుంటల్లో వేశాం. మోరీలు కలిసేచోట్లు నడిచి చూసి, పటం గీసి, ఊరివాళ్ళ సంతకాలతో అధికారులకు అర్జీ ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. డెక్క మాత్రం మళ్ళీ వచ్చింది.

మిత్రులారా! చేతులతో చేసేది సగం శ్రమదానమే. కారణం వెదికి, వదలకుండా అడగడం మిగతా సగం. వచ్చే శిబిరానికి కొడవలితోపాటు ఆ అర్జీ నకలు కూడా తీసుకువెళదాం.