సీటు వస్తుందా అని అడిగావు

అమ్మలూ,

నీ మార్కులూ, ఎమ్‌క్యాట్ ప్రవేశ పరీక్ష స్కోరూ చూశాను. జీపీఏ 2.8, స్కోరు 487. "పెద్దమ్మా, వీటితో పోడియాట్రీలో సీటు వస్తుందా?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. ఫోన్లో తేలే సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. అమ్మకీ నాన్నకీ కూడా చదివి వినిపించు.

సీటు రావచ్చు. నా బెంగ అంతా అదే.

అమెరికాలో పాదవైద్యానికి డీపీఎమ్ డిగ్రీ ఇచ్చే కాలేజీలు 11. ఫిలడెల్ఫియాలో టెంపుల్, ఒహాయోలో కెంట్ స్టేట్, చికాగో పక్కన షోల్, మయామీ దగ్గర బ్యారీ లాంటివి పాతవి. టెక్సస్ దక్షిణ కొసన రియో గ్రాండ్ వ్యాలీ 2022లో, పెన్సిల్వేనియాలోని ఈరీలో లీకామ్ 2023లో కొత్తగా తెరిచారు. ఎండీ కాలేజీల్లో చేరేవాళ్ళ ఎమ్‌క్యాట్ సగటు 511 దాటి ఉంటే, మా పాదవైద్యం కాలేజీల్లో చేరేవాళ్ళ సగటు 500 లోపే. జీపీఏ 3.3 చుట్టుపక్కల ఉంటుంది. ఈ మధ్య అప్లికేషన్లు తగ్గాయి, సీట్లన్నీ నిండని కాలేజీలూ ఉన్నాయి. కాబట్టి నీ అంకెలు సగటు కన్నా కిందే ఉన్నా, ఏదో ఒక కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచినా పిలవొచ్చు. పిలిస్తే నువ్వు ఎగిరి గంతేసి చేరిపోతావు. అక్కడి నుంచి ఏం జరుగుతుందో ఎవరూ నీకు చెప్పి ఉండరు.

పాదం ఒక్కటే కదా, చదువు తేలికగా ఉంటుందని మన చుట్టాల్లో చాలామంది అనుకుంటారు. ఒక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు. దాన్ని చేరేలోపు ఒళ్ళంతా చదవాలి. మొదటి రెండేళ్ళూ అనాటమీ, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, పేథాలజీ, ఫార్మకాలజీ. ఒక పరీక్ష రాసి తలెత్తేసరికి ఇంకోటి నెత్తిమీద ఉంటుంది. రెండో ఏడు అయ్యాక ఏపీఎమ్ఎల్ఈ అనే లైసెన్సు పరీక్ష మొదటి భాగం. అది గట్టెక్కకపోతే అడుగు ముందుకు పడదు. తర్వాత రెండేళ్ళు క్లినిక్కులు, ఆసుపత్రులు, ఆపైన మూడేళ్ళ రెసిడెన్సీ. బయోకెమిస్ట్రీలో పునాది లేనివాళ్ళని చేర్చుకున్నంత మాత్రాన ఆ పునాది కాలేజీ వేసిపెట్టదు. మొదటి ఏడే తప్పి, అదే ఏడు మళ్ళీ చదివినవాళ్ళని, అదీ సాగక బయటికి వెళ్ళిపోయినవాళ్ళని చూశాను. తెలివి తక్కువై కాదు. తయారు కాకుండా వచ్చారు, అంతే.

డబ్బు లెక్క కూడా చూడు. నీకు గ్రీన్‌కార్డు ఉంది కనుక ఫెడరల్ అప్పు దొరుకుతుంది. కానీ 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు చేసేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ అనే అప్పు లేదు. పోడియాట్రీ లాంటి వృత్తి చదువులకి ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 డాలర్లు, అదీ పరిమితి. నాలుగేళ్ళు యాభయ్యేసి వేలు తీసుకుంటే అక్కడితో సరి. ఒక ఏడు తప్పి అయిదో ఏడు చదవాల్సి వస్తే ఆ ఏటికి మిగిలేది సున్నా. అప్పుడు మీ నాన్న గుంటూరులో స్థలం అమ్మాలి, లేదా ప్రైవేటు బ్యాంకు వడ్డీకి తలొగ్గాలి. డిగ్రీ చేతికొచ్చినవాళ్ళు అప్పు తీరుస్తారు. డిగ్రీ రాకుండా అప్పు మాత్రం మిగిలినవాళ్ళ బతుకు ఎంత కష్టమో నీకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఏ కాలేజీ పేరు విన్నా ముందు దాని వెబ్‌సైటు తెరిచి మూడు అంకెలు చూడు: చేరినవాళ్ళలో నాలుగేళ్ళలో బయటికొచ్చింది ఎందరు, లైసెన్సు పరీక్ష మొదటి భాగం మొదటిసారే పాసైంది ఎందరు, రెసిడెన్సీ దొరికింది ఎందరికి. ఆ వివరాలు కాలేజీలు బయటపెట్టాలి. భవనాల ఫొటోల కన్నా అవే నీకు కావలసినవి.

ఇక నీ మార్కుల జాబితాకి వస్తాను. దాన్ని రెండుసార్లు చదివాను. ఇంటర్ బైపీసీ అవగానే ఇక్కడికి వచ్చావు. మొదటి సెమిస్టర్లోనే 17 క్రెడిట్లు, పైగా శని ఆదివారాలు ఇండియన్ గ్రోసరీలో క్యాష్ కౌంటర్. కెమిస్ట్రీ సీ, బయాలజీ సీ ప్లస్. మరుసటి ఏడు ఆర్గానిక్ మొదటి భాగం సీ మైనస్. అక్కడి నుంచి మెల్లగా లేచావు. జెనెటిక్స్ బీ ప్లస్, పోయిన సెమిస్టర్లో ఫిజియాలజీ ఏ మైనస్. మన దగ్గర ఏడాదంతా ఎలా చదివినా, లెక్చరర్ గుర్తుపెట్టిచ్చిన ప్రశ్నలు మార్చి నెలలో కంఠతా పడితే తొంభై అయిదు శాతం వచ్చేది. ఇక్కడ రెండో వారం క్విజ్ నుంచే గ్రేడు కట్టడం మొదలవుతుంది. ఆ తేడా అర్థమయ్యేసరికి నీకు మూడు సెమిస్టర్లు పోయాయి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. అప్లికేషన్ చదివేవాళ్ళకి కూడా ఈ ఎక్కుదల కనిపిస్తుంది. కానీ ఒక్క ఏ మైనస్ వాళ్ళని ఒప్పించదు.

లెక్క వేసి చూపిస్తాను. ఇప్పటికి 110 క్రెడిట్లు 2.8 మీద ఉన్నాయి, అంటే 308 పాయింట్లు. ఇంకో 30 క్రెడిట్లు చదివి అన్నిట్లో ఏ తెచ్చుకున్నా 428ని 140తో భాగిస్తే 3.06. ఇంత చేసినా కదిలింది పావు పాయింటే అని నీరుగారిపోకు. కాలేజీవాళ్ళు మొత్తాన్ని ఒక్కటే చూడరు. చివరి 30 క్రెడిట్లు విడిగా 4.0 ఉంటే, ఈ అమ్మాయి ఇప్పుడు ఎలా చదువుతోందో వాళ్ళకి తెలుస్తుంది. నీకూ తెలుస్తుంది, నాకు అది ఇంకా ముఖ్యం.

అయితే ఆ 30 క్రెడిట్లు ఏవి అన్నదే అసలు సంగతి. జీపీఏ పెంచుకోవడానికి తేలిక కోర్సులు తీసుకుంటే ఇట్టే కనిపెట్టేస్తారు. ఆర్గానిక్ మొదటి భాగం మళ్ళీ చదువు. సీ కన్నా తక్కువ వస్తే చాలా కాలేజీలు ఆ సబ్జెక్టు అయినట్టే లెక్కపెట్టవు. జనరల్ కెమిస్ట్రీలో వచ్చిన సీని వదిలెయ్, దాని మీద ఇంకో సెమిస్టర్ పోగొట్టుకోకు. దాని పైమెట్టు బయోకెమిస్ట్రీలో ఏ వస్తే కింది సీని ఎవరూ పట్టించుకోరు. ఆ పైన మైక్రోబయాలజీ, అనాటమీ, సెల్ బయాలజీ. వీటిని సెమిస్టర్‌కి ఒకటి చొప్పున పరవకుండా, ఒకే సెమిస్టర్లో మూడు సైన్సులు ల్యాబులతో సహా తీసుకో. పోడియాట్రీలో మొదటి సెమిస్టర్ అంతకన్నా బరువు. ఇక్కడ మూడు మోయలేనివాళ్ళు అక్కడ ఆరు మోయలేరు. క్యాష్ కౌంటర్ మానెయ్. ఆ డబ్బు సంగతి నేను మీ అమ్మతో మాట్లాడతాను.

ఎమ్‌క్యాట్ గురించి. నాలుగు భాగాల్లో నీకు 122, 123, 123 వచ్చాయి, క్రిటికల్ రీడింగ్‌లో 119. ఒక్కో భాగం 118 నుంచి 132 దాకా ఉంటుంది కనుక ఆ 119 దాదాపు అట్టడుగు. ఆ భాగంలో 90 నిమిషాల్లో తొమ్మిది చిన్న వ్యాసాలు, 53 ప్రశ్నలు. తత్వం, కళలు, చరిత్ర, సమాజం, ఏదైనా ఇస్తారు. ముందే తెలిసి ఉండాల్సింది ఏమీ లేదు, జవాబంతా ఆ పేజీలోనే ఉంటుంది. మన పిల్లలు ఇక్కడే బోల్తాపడతారు. నీట్ కోచింగులో ప్రశ్న చూడగానే ఫార్ములా తోచాలని నేర్పిస్తారు. నింపాదిగా ఒక వ్యాసం చదివి, రాసినవాడి వాదన ఏమిటి, దేనికి ఒప్పుకున్నాడు, దేన్ని కాదన్నాడు అని అడిగే అలవాటు ఎవరూ చేయించరు. దీనికి కోచింగ్ పుస్తకాలు కొనకు. రోజూ పొద్దున్నే ఒక మంచి ఇంగ్లీషు పత్రికలో నీకు బొత్తిగా ఆసక్తి లేని విషయం మీద ఒక పెద్ద వ్యాసం చదువు, మూసేసి, దాని వాదన మూడు వాక్యాల్లో నీ మాటల్లో రాయి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదువు. ఆరు నెలలు చేస్తే ఇది ఎమ్‌క్యాట్‌తోపాటు లైసెన్సు పరీక్షలో రోగి కథ ఇచ్చి అడిగే ప్రశ్నలకీ పనికొస్తుంది.

ఇంకోసారి తొందరపడి రాయకు. ఏడాదిలో మూడుసార్లు, వరసగా రెండేళ్ళలో నాలుగుసార్లు, జన్మలో ఏడుసార్లు, అంతకు మించి రాయనివ్వరు. ఎమ్‌క్యాట్ పెట్టే సంస్థ అమ్మే పూర్తి నమూనా పరీక్షలు ఇంట్లో గడియారం పెట్టుకుని రాసి, వరసగా 495 దాటుతున్నాయంటేనే తారీఖు తీసుకో. కొన్ని కాలేజీలు ఎమ్‌క్యాట్ బదులు వేరే పరీక్షలు ఒప్పుకుంటాయి. దాన్ని తప్పించుకునే దారిగా చూడొద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు: పాదవైద్యమే ఎందుకు? ఎండీలో రాదు కనుక ఇటు వచ్చావని వాళ్ళకి అనిపిస్తే మిగతా ఫైలు మూసేస్తారు. ఇది కల్పించి చెప్పే జవాబు కాదు. నా క్లినిక్కుకి రా. నా దగ్గరే కాక ఇంకొకరిద్దరు పోడియాట్రిస్టుల దగ్గర కూడా కొన్నాళ్ళు నిలబడు. సిఫారసు ఉత్తరం పెద్దమ్మ కాకుండా వేరేవాళ్ళు రాయాలి.

వస్తే ఏం చూస్తావో చెబుతాను. షుగరు పేషెంటు వచ్చి కూర్చుంటారు. మేజోళ్ళు విప్పించి, ముందు వేళ్ళ సందులు చూస్తాను. చేతి వెనకభాగం రెండు పాదాల మీదా ఆనించి వేడి పోల్చి చూస్తాను. ఒక పాదం వాచి, వెచ్చగా ఉండి, నొప్పి మాత్రం లేదంటే లోపల ఎముకలు విరుగుతున్నాయేమోనని అనుమానించాలి. తర్వాత పేషెంటుని కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసి బొటనవేలి కింద ఆనిస్తాను. సరిగ్గా 10 గ్రాముల బరువు పడగానే అది వంగుతుంది. "తగిలినప్పుడు చెప్పండి" అంటాను. పోగు వంగుతుంది. ఆయన ఏమీ అనరు. ఇంకో చోట ఆనిస్తాను. అప్పుడూ ఏమీ అనరు. ఆ నిశ్శబ్దంలో ఆయన కాలికి ఎంత ప్రమాదం ఉందో నాకు తెలిసిపోతుంది. కాయ కట్టిన చర్మాన్ని బ్లేడుతో పొరలు పొరలుగా తీస్తుంటే అడుగున నల్లటి రక్తపు చుక్క కనిపిస్తుంది. పైకి మామూలు కాయ, కింద పుండు. ఆ రోజు చూశాం కనుక కాలు నిలుస్తుంది. ఇంకో నెల ఆగి ఉంటే వేలు పోయేది.

ఈ జ్ఞానంలో కొంత మన వైపు నుంచే వచ్చింది. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టాడు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగుల చేతులకీ కాళ్ళకీ ఆపరేషన్లు చేశాడు. వేళ్ళని జబ్బు తినెయ్యడం లేదని, నొప్పి తెలియకపోవడం వల్ల తగిలే దెబ్బలే వాటిని పాడుచేస్తున్నాయని రుజువు చేశాడు. 1966లో లూసియానాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వచ్చాక అదే చూపు షుగరు పాదాలకి అందింది. ఇక ఈ దేశంలో ఉన్న మన పెద్దవాళ్ళు డాక్టరుకి కాళ్ళు చూపించడానికి ఎంత మొహమాటపడతారో నీకు తెలుసు. మీ తాతయ్య వయసువాళ్ళు నేను స్టూలు లాక్కుని వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చోగానే పాదం వెనక్కి లాక్కుంటారు. తెలుగులో రెండు మాటలు మాట్లాడి ఆ పాదం ముందుకి రప్పించగల డాక్టర్లు కావాలి. ఇవన్నీ చూశాక నీకు ఆ పని మీద మనసు పోతే ఇంటర్వ్యూలో జవాబు వెతుక్కోనక్కర్లేదు. పోకపోతే అది ఇప్పుడే తెలియడం మంచిది, నేనేమీ అనుకోను.

పర్సనల్ స్టేట్‌మెంటులో మార్కుల గురించి రెండు మూడు వాక్యాలు చాలు. ఫలానా ఏడు తగ్గాయి, కారణం ఇది, తర్వాత ఇలా మార్చుకున్నాను, ఫలితం ఇదిగో. దేశం మారిన కష్టం గురించి పేజీలు నింపకు, ప్రొఫెసర్ల మీద నెట్టకు. మిగతా చోటంతా క్లినిక్కులో చూసినదానికి ఇవ్వు. నీకు చదువు చెప్పిన సైన్సు ప్రొఫెసర్లలో ఒకరిద్దరితో ఇప్పటి నుంచే ఆఫీసు అవర్స్‌కి వెళ్ళి మాట్లాడుతూ ఉండు. పేరు కూడా గుర్తులేని విద్యార్థి గురించి వాళ్ళు ఏం రాయగలరు?

అప్లికేషన్లు చాలావరకు ఒకే కేంద్రం ద్వారా వెళతాయి. మరుసటి ఏడు చేరేవాళ్ళ కోసం అది ఆగస్టులో తెరుచుకుంటుంది, జూన్ 30 దాకా తీసుకుంటారు, వచ్చినవి వచ్చినట్టు చూస్తారు. జూన్‌లో వేసినా ఎవరో ఒకరు తీసుకుంటారని స్నేహితులు చెప్పేది నమ్మకు. ఈ స్ప్రింగులో 15 క్రెడిట్లు, వేసవిలో ఎమ్‌క్యాట్, ఆగస్టు చివర అప్లికేషన్, ఫాల్‌లో మిగతా 15. ఆ గ్రేడ్లు తర్వాత పంపొచ్చు. చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్టూ పంపాలి, నువ్వు వేసవిలో ఒక్క కోర్సు చేసిన కమ్యూనిటీ కాలేజీది కూడా. ఒక ఏడు ఆలస్యమవుతుందని నాన్న బాధపడతారు. పైన రాసిన అయిదో ఏటి అప్పు లెక్క ఆయనకి మరోసారి చదివి వినిపించు.

స్ప్రింగు రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారో, బయోకెమిస్ట్రీ ఎవరు చెబుతున్నారో, ఆర్గానిక్ ల్యాబుతో దాని టైము ఢీకొంటుందేమో కనుక్కుని ఈ వారంలోనే నాకు రాయి. ఫాల్ సెమిస్టర్ అయిపోగానే క్లినిక్కుకి వద్దువుగాని. ముందు కప్పి ఉన్న బూట్లు వేసుకురా, చెప్పులతో లోపలికి రానివ్వరు.

ప్రేమతో,
పెద్దమ్మ